పిల్లలకు దిగులు గురించి చెప్పే బొమ్మల పుస్తకాలు: మీ ఇంట్లో ఏవి చదివారు?

వేపచెట్టునీడ (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా బాబుకి ఐదేళ్లు. ఈమధ్యే మా నాన్నగారు చనిపోయారు. వాడికి తాతయ్యంటే ప్రాణం. స్కూల్ నుంచి తీసుకొచ్చేది, సాయంత్రం కాలవ గట్టు మీద తిప్పేది, రాత్రి కథ చెప్పి పడుకోబెట్టేది అన్నీ ఆయనే.

ఆ రోజు ఇంటినిండా జనం. ఎవరో వాడితో "తాతయ్య ఊరెళ్లాడు, వచ్చేస్తాడు" అన్నారు. ఇంకెవరో "చుక్కల్లోకి వెళ్లాడు" అన్నారు. పెద్దకర్మ రోజు పిండం పెట్టి కాకి కోసం చూస్తుంటే మా పెద్దమ్మ "అదిగో, తాతయ్య వచ్చాడు" అంది. ఇప్పుడు వాడు డాబా మీద ఏ కాకి వాలినా పరుగెత్తుకెళ్లి చూస్తున్నాడు. ఊళ్లో ఉన్నాడా, చుక్కల్లో ఉన్నాడా, కాకిలో ఉన్నాడా అని నన్ను అడుగుతుంటే నాకు నోరు పెగలడం లేదు. చెప్పబోతే నాకే ఏడుపొచ్చేస్తోంది.

బొమ్మల పుస్తకం ఏదైనా ఉంటే దాన్ని పట్టుకుని మాట్లాడొచ్చు అనిపిస్తోంది. తెలుగులో ఉంటే మంచిది, ఇంగ్లీషైనా ఫర్వాలేదు, బొమ్మలు చూపిస్తూ నేను తెలుగులో చెప్పుకుంటాను. వాడి బాధను మాయం చేసేస్తానని చెప్పే పుస్తకం వద్దు. ఇలా అనిపించడం మామూలేనని తెలియాలి, చివర్లో కాస్త ధైర్యం రావాలి. మీ పిల్లలతో చదివినవి చెప్పండి.

పుస్తకాలగూడు (హనుమకొండ)

మీ నాన్నగారి గురించి విని బాధగా ఉందండి.

మా కాలనీలో పిల్లల కోసం చిన్న లైబ్రరీ నడుపుతున్నాం. నేనైతే చావు గురించిన పుస్తకంతో మొదలుపెట్టను. ముందు 'ద రాబిట్ లిజన్డ్' చదవండి. కోరి డోర్‌ఫెల్డ్ రాసి, బొమ్మలు కూడా తనే వేసింది, 2018లో వచ్చింది. టేలర్ అనే చిన్నపిల్ల చెక్క ముక్కలతో ఏదో గొప్పగా కడుతుంది. పక్షుల గుంపొకటి వచ్చి కూల్చేస్తుంది. (టేలర్ పాపా బాబా అన్నది పుస్తకం చెప్పదు, తెలుగులో మీకు నచ్చినట్టు చెప్పుకోండి.) కోడి వచ్చి జరిగిందంతా చెప్పమంటుంది. ఎలుగుబంటి కోపంగా అరవమంటుంది. ఏనుగు గుర్తు చేసుకుని మళ్లీ అలాగే కట్టమంటుంది. ఒకరు నవ్వమంటారు, ఒకరు దాక్కోమంటారు, ఒకరు అన్నీ పారేయమంటారు. ఎవరు చెప్పిందీ టేలర్‌కి చేయాలనిపించదు. అందరూ వెళ్లిపోతారు. అప్పుడొక కుందేలు మెల్లగా దగ్గరికొచ్చి, ఒంటికి ఒళ్లు ఆనేంత పక్కన కూర్చుంటుంది. ఏమీ అనదు. కాసేపటికి టేలరే మాట్లాడుతుంది, అరుస్తుంది, నవ్వుతుంది. అందరూ చెప్పినవన్నీ చేస్తుంది, కాకపోతే తనకు అనిపించినప్పుడు చేస్తుంది.

మా దగ్గరికొచ్చే నాలుగైదేళ్ల పిల్లలకు ఇది చదివితే కుందేలు పేజీ దగ్గర గొడవంతా సద్దుమణుగుతుంది. మాటలు చాలా తక్కువ కాబట్టి తెలుగులో చెప్పడం తేలిక.

తెలుగులోనే కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ చూడండి. 2015 నుంచి ఉంది. బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు, దింపుకుని ప్రింట్ తీసుకోవచ్చు, తెలుగులో లేని కథను మనమే అనువాదం చేసి పెట్టొచ్చు కూడా. సికింద్రాబాద్ తార్నాకలోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ల జాబితా కూడా ఒకసారి చూడండి. తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్ అనే ప్రచురణకర్తలు కూడా తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తారు. ఒక మాట మాత్రం నిజం: తెలుగులో నీతి కథల బొమ్మల పుస్తకాలు, జంతువుల పుస్తకాలు దండిగా దొరుకుతాయి. దిగులు గురించి సూటిగా మాట్లాడేవి వెతికి పట్టుకోవాలి.

నానమ్మకబుర్లు (రాజమండ్రి)

అమ్మా, నాన్నగారు పోయిన దుఃఖం నీకూ పచ్చిగానే ఉంది. ముందు నువ్వు వేళకి తిను.

కాకి మాట అన్న మీ పెద్దమ్మను తప్పు పట్టకు. మా చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా పోతే పిల్లల్ని పక్కింటికి పంపేవాళ్లు కాదు. అన్నీ చూసేవాళ్లం. ఏడ్చేవాళ్లతో పాటు ఏడ్చేవాళ్లం, పదకొండో రోజున బంధువులతో కలిసి అన్నం తినేవాళ్లం, మర్నాడు ఆడుకునేవాళ్లం. అలానే తెలిసింది. ఐదేళ్ల పసివాడికి పనిగట్టుకుని ఏడుపు పుస్తకాలు తెచ్చి ఏడిపించడం నాకు నచ్చదు.

కథే కావాలంటే మనకి ఆవు–పులి కథ లేదా? పదిహేనో శతాబ్దంలోనే అనంతామాత్యుడు భోజరాజీయంలో రాశాడు. పులికి మాటిచ్చి వచ్చిన ఆవు దూడకి కడుపునిండా పాలిచ్చి, ఎలా మసలుకోవాలో బుద్ధులు చెప్పి, అప్పగింతలు పెట్టి మళ్లీ అడవికి బయల్దేరుతుంది. ఆ ఘట్టం చెబుతుంటే ఇప్పటికీ నా గొంతు పూడుకుపోతుంది. దుఃఖమూ ఉంది, చివరికి ఆశా ఉంది. ఇంగ్లీషు పుస్తకాల కోసం వెతకాలా?

మనసుమాట (హైదరాబాద్)

పిల్లల కౌన్సెలర్‌గా పని చేస్తున్నాను. నానమ్మగారు చెప్పిన మొదటి మాట చాలా విలువైనది: పిల్లల్ని దూరంగా పంపకుండా అందరితో పాటు ఉండనివ్వడం. అందరూ ఏడుస్తున్నారు, ఎందుకో తనకొక్కడికే తెలియదు అన్న స్థితి పిల్లవాడికి ఎక్కువ భయం.

రెండో మాట దగ్గర మాత్రం నేను వేరుగా ఆలోచిస్తాను నానమ్మగారూ. ఆవు–పులి కథలో ఆవు తిరిగొస్తుంది. పులి మనసు మార్చుకుని వదిలేస్తుంది. ఈ బాబు తాతయ్య తిరిగి రారు. ఇప్పుడా కథ చెబితే "నేనూ మంచిగా ఉంటే, మాట తప్పకపోతే తాతయ్య వచ్చేస్తాడు" అని వాడు అనుకునే అవకాశం ఉంది. కథ గొప్పదే. ఈ ప్రశ్నకి అది జవాబు కాదు.

చావు గురించి పిల్లలకు అర్థం కావలసిన సంగతులు ముఖ్యంగా మూడని స్పీస్, బ్రెంట్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ చూసి రాశారు. పోయినవాళ్లు తిరిగి రారు. వాళ్ల శరీరం పని చేయడం ఆగిపోతుంది, అంటే ఆకలి, నొప్పి, చలి ఏమీ ఉండవు. ఇది ప్రాణం ఉన్న అందరికీ జరుగుతుంది. చాలామంది పిల్లలకు ఇవి ఐదు, ఏడేళ్ల మధ్య ఒక కొలిక్కి వస్తాయి. మీ బాబు సరిగ్గా ఆ గుమ్మంలో ఉన్నాడు. అందుకే మళ్లీ మళ్లీ అడుగుతాడు. అడిగినప్పుడల్లా అదే జవాబు అవే చిన్న మాటల్లో చెప్పండి: "తాతయ్య చనిపోయారు. ఆయన గుండె కొట్టుకోవడం ఆగిపోయింది. తిరిగి రారు. నాకూ చాలా బెంగగా ఉంది."

"నిద్రపోయాడు" అంటే రాత్రి పడుకోవడానికి భయపడే పిల్లల్ని చూశాను. "జ్వరం వచ్చి పోయాడు" అని ఊరుకుంటే అమ్మకు కాస్త ఒళ్లు వెచ్చబడినా వణికిపోతారు. మీ ఇంటి నమ్మకాలు చెప్పొద్దని నేననను. కాకి గురించి ఇలా చెప్పొచ్చు: "తాతయ్యను తలుచుకుని అన్నం పెడతాం. కాకి వచ్చి తింటే ఆయనకి అందిందని మన పెద్దవాళ్ల నమ్మకం. కాకి కాకే, తాతయ్య తాతయ్యే."

మీరు ఏడుస్తూ చదివినా తప్పు లేదు. అమ్మకి కూడా ఏడుపొస్తుంది, ఏడ్చాక మళ్లీ పేజీ తిప్పుతుంది అని వాడు చూస్తాడు కదా.

ఒక ముఖ్యమైన విషయం. పిల్లలు పది నిమిషాలు ఏడ్చి వెంటనే ఆటకు పరిగెత్తుతారు. అది మర్చిపోవడం కాదు, వాళ్ల తీరే అంత. పక్క తడపడం, కడుపునొప్పి అనడం, అమ్మను వదలకపోవడం కొన్నాళ్లు ఉండొచ్చు. వారాల తరబడి తిండి, నిద్ర, ఆట అన్నీ తగ్గిపోతే, లేదా "నేనూ తాతయ్య దగ్గరికి వెళ్లిపోతా" అని పదేపదే అంటుంటే పుస్తకాలతో ఆగకుండా మనిషి సాయం తీసుకోండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ ఫోన్ సహాయం నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. అది మీ కోసం కూడానండి.

వేపచెట్టునీడ (విజయవాడ)

మనసుమాట గారూ, "కాకి కాకే, తాతయ్య తాతయ్యే" అన్న మాట రాసి పెట్టుకున్నాను. నానమ్మగారూ, మీరు తినమన్నందుకు కళ్లు చెమర్చాయి.

కుందేలు పుస్తకం ఆర్డర్ పెట్టాను. చావు గురించి సూటిగా చెప్పే పుస్తకం కూడా ఒకటి దగ్గర ఉంచుకోవాలనుంది. వాడు అడిగిన రోజు తీస్తాను.

డల్లాస్‌నాన్న (టెక్సస్)

మా అమ్మ గుంటూరులో పోయినప్పుడు నేను టికెట్ దొరికి వెళ్లేసరికే అంతా అయిపోయింది. మా పాపకి అప్పుడు ఆరేళ్లు. నానమ్మ అంత్యక్రియలు తను వీడియో కాల్‌లో చూసింది. తనకి నానమ్మ ఎప్పుడూ ఫోన్‌లోనే ఉండేది కాబట్టి, "ఇప్పుడు కాల్ చేస్తే ఎత్తుతుందా?" అని అడిగింది. విదేశాల్లో ఉన్న మనవాళ్ల పిల్లలందరికీ ఈ చిక్కు ఉంటుందనుకుంటాను. రోజూ పక్కన లేని మనిషి లేకుండా పోవడమంటే ఏమిటో వాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఇక్కడి పబ్లిక్ లైబ్రరీలో అడిగితే నాకు 'ద హార్ట్ అండ్ ద బాటిల్' ఇచ్చారు. ఆలివర్ జెఫర్స్ పుస్తకం, 2010. ఒక చిన్న పాపకు లోకమంతా వింతే. తన ప్రశ్నలన్నీ కుర్చీలో కూర్చునే ఒక పెద్దాయనకు చెప్పుకుంటుంది. ఒకరోజు కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఎందుకో పుస్తకం చెప్పదు. పాప తన గుండెకు దెబ్బ తగలకూడదని దాన్ని తీసి సీసాలో పెట్టి మెడలో వేసుకుంటుంది. గుండె భద్రంగానే ఉంటుంది, చుక్కల మీదా సముద్రం మీదా ఆసక్తి మాత్రం పోతుంది. పెద్దయ్యాక తీద్దామంటే రాదు. సుత్తితో కొట్టినా పగలదు. చివరికి ఒక చిన్నపిల్ల తన చిట్టి చెయ్యి పెట్టి సులువుగా తీసేస్తుంది.

మా పాప అది విని, "డాడీ, నీ బాటిల్ ఎక్కడుంది?" అంది. నేను అప్పటికి అమ్మ గురించి ఇంట్లో ఒక్క మాట మాట్లాడకుండా నెలలు గడిపాను. ఆ రాత్రి మా అమ్మ చేసే గోంగూర గురించి, ఆవిడ రేడియో పిచ్చి గురించి పాపకు చాలాసేపు చెప్పాను. పుస్తకం పాప కోసం తెచ్చానని అనుకున్నా గానీ అది నాకే ఎక్కువ పని చేసింది.

సముద్రపుగాలి (విశాఖపట్నం)

అందరూ మెచ్చుకునే పుస్తకమని 'డక్, డెత్ అండ్ ద టులిప్' తెప్పించి మా నాలుగేళ్ల పాపకు చదివాను. రాత్రంతా నన్ను వదల్లేదు. పుర్రె తలతో గళ్ల కోటు వేసుకుని బాతు వెనకాల వచ్చే మృత్యువును చూసి, "మన వెనకాల కూడా ఉందా?" అంది. దయచేసి అన్ని పుస్తకాలూ అందరికీ అనకండి.

పుస్తకాలగూడు (హనుమకొండ)

నిజమేనండి, నాలుగేళ్లకు అది తొందర. జర్మన్ రచయిత వోల్ఫ్ ఎర్ల్‌బ్రుక్ 2007లో చేసిన పుస్తకం. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలతో చదివినప్పుడు మాత్రం అంత గొప్ప చర్చ నేను ఇంకే పుస్తకానికీ చూడలేదు. అందులో మృత్యువు బాతును భయపెట్టదు. ఇద్దరూ చెరువులో ఈదుతారు. మృత్యువుకి చలేస్తే బాతే దాన్ని వెచ్చగా హత్తుకుంటుంది. "మరి అంత మంచిదైతే వదిలేయొచ్చు కదా?" అని ఒక అబ్బాయి కోపంగా అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను. మిగతా పిల్లలే అరగంట వాదించుకున్నారు.

అందుకే ఏ పుస్తకమైనా ముందు పెద్దవాళ్లు ఒంటరిగా ఒకసారి చదువుకోవాలి. అట్ట మీద రాసిన వయసును నమ్మొద్దు.

చిన్నవాళ్లకు సూటిగా చెప్పేవాటిలో నాకు నచ్చింది జూడిత్ వయోర్స్ట్ రాసిన 'ద టెన్త్ గుడ్ థింగ్ అబౌట్ బార్నీ'. 1971 నాటిది, పాతదే. పిల్లవాడి పిల్లి చచ్చిపోతుంది. దాని గురించి పది మంచి మాటలు గుర్తు చేసుకోమంటుంది అమ్మ. తొమ్మిదే దొరుకుతాయి. పదోది తోటపని చేస్తుండగా తడుతుంది: మట్టిలో కలిసి పూలు పూయడానికి సాయపడుతోంది, పిల్లికి అదీ మంచి పనే.

వేపచెట్టునీడ గారూ, పుస్తకం లేకపోయినా ఈ పని మీరు చేయొచ్చు. తాతయ్య గురించి వాడు చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి. పెద్దవాళ్లకు తట్టే మంచి మాటలు కలపకండి. "తాతయ్య గురక పెట్టేవాడు" అంటే అదే రాయండి.

మన రచయితలవి కావాలంటే తూలిక వాళ్ల 'గాన్ గ్రాండ్‌మదర్' ఉంది, అమ్మమ్మ ఎక్కడికి వెళ్లిందో తెలుసుకోవాలనుకునే పాప కథ. చతురా రావు రాశారు. తోబుట్టువు పోయిన ఇంట్లో అయితే రిచా ఝా రాసిన 'బూ! వెన్ మై సిస్టర్ డైడ్' ఉంది.

రంగులడబ్బా (తెనాలి)

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. మీరంతా కథల గురించి మాట్లాడుతున్నారు, నన్ను బొమ్మల గురించి కాస్త చెప్పనివ్వండి. ఎందుకంటే చదువు రాని పిల్ల బొమ్మనే చదువుతుంది. మీరు అక్షరాల మీద వేలు పెట్టి చదువుతుంటే వాళ్ల కళ్లు పేజీ మూలల్లో ఉంటాయి.

'మైఖేల్ రోజెన్స్ శాడ్ బుక్' అని 2004లో వచ్చింది. రోజెన్ ఇంగ్లండ్‌లో పేరున్న పిల్లల రచయిత. ఆయన కొడుకు ఎడ్డీ పద్దెనిమిదేళ్ల వయసులో మెనింజైటిస్‌తో 1999లో చనిపోయాడు. బొమ్మలు క్వెంటిన్ బ్లేక్ వేశాడు. మొదటి పేజీలో రచయిత పళ్లన్నీ కనిపించేలా నవ్వుతుంటాడు. కింద అక్షరాలేమో ఈ బొమ్మలో నేను దిగులుగా ఉన్నాను, లేనట్టు నటిస్తున్నాను అంటాయి. బొమ్మ ఒకటి చెబుతుంది, మాట ఇంకొకటి చెబుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు "ఏం లేదు నాన్నా, బాగానే ఉన్నా" అంటుంటే పిల్లలు రోజూ చూసేది ఇదే కదా. తాము చూసింది నిజమేనని ఒక పుస్తకం ఒప్పుకోవడం వాళ్లకెంత ఊరటో ఆలోచించండి. ఆ పుస్తకం చివరి బొమ్మకు మాటలు లేవు. ఒక కొవ్వొత్తి, దాని ముందు ఆయన. అంతా సర్దుకుంది అని చెప్పదు. ఆ నిజాయితీ ముందు నేను చేతులు జోడిస్తాను.

ఆశను ఎలా గీయాలో నేర్పిన పుస్తకం నాకు షాన్ టాన్ 'ద రెడ్ ట్రీ', 2001. ఒక అమ్మాయి నిద్ర లేస్తుంది, గదిలో నల్లటి ఆకులు రాలుతుంటాయి. వీధిలోకి వెళ్తే తల మీద పెద్ద చేప నీడలా తేలుతూ ఉంటుంది. పేజీ పేజీకీ ఊరు పెద్దదవుతుంది, అమ్మాయి చిన్నదవుతుంది. అయితే ప్రతి బొమ్మలో ఎక్కడో ఒక చిన్న ఎర్రాకు ఉంటుంది. అమ్మాయికి కనిపించదు. పుస్తకంలోని మాటలు దాని ఊసే ఎత్తవు. పిల్లలు రెండోసారి చదివేటప్పుడు పట్టుకుంటారు, పట్టుకున్నాక మొదటి పేజీ నుంచి మళ్లీ వెతుకుతారు. చివర్లో ఆమె గదిలో ఎర్రటి చెట్టు. "బాధపడకు, అంతా మంచే జరుగుతుంది" అని రాసి ఉంటే ఒక్క చెవిలోంచి కూడా లోపలికి పోదు. తమ కళ్లతో వెతికి పట్టుకున్న ఆకును మాత్రం మర్చిపోరు.

దయచేసి చదివేటప్పుడు "అదిగో ఆకు" అని మీరు చూపించకండి.

పబ్లిషర్లతో నాకు ఎప్పుడూ వచ్చే గొడవ కూడా ఇదే. నాలుగో పేజీలో పాప ఏడిస్తే ఐదో పేజీలో నవ్వాలంటారు. ఏడుపు పేజీకి ఇంకొక పేజీ ఇవ్వండి, ఖాళీ వదలండి, పిల్లలకు అక్కడ కూర్చునే చోటు కావాలి అని బతిమాలుతుంటాను.

ఇంకొకటి. చావు గురించిన ఇంగ్లీషు పుస్తకాల్లో చాలావాటిలో పాతిపెట్టడం, రాతి పలక, పూలగుత్తి ఉంటాయి. మన హిందూ ఇళ్లలో చాలామంది పిల్లలు చూసేది పాడె, నిప్పుకుండ, ఫొటోకి దండ, కృష్ణలోనో గోదావరిలోనో కలిపే అస్థికలు. బార్నీ పుస్తకం చదివితే మీ బాబు "తాతయ్యను ఎక్కడ పాతారు?" అని అడుగుతాడు. దానికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

సముద్రపుగాలి (విశాఖపట్నం)

మాది క్రైస్తవ కుటుంబం. నవంబర్ 2న సమాధుల పండుగకి మా పాపను తీసుకెళ్తాం. సమాధి కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. మా అత్తయ్య గురించి తను ప్రశ్నలన్నీ అడిగేది అక్కడే. రంగులడబ్బా గారూ, ఆ పండుగ మీద ఒక తెలుగు బొమ్మల పుస్తకం వస్తే నేను మొదటి కాపీ కొంటాను. పీర్ల పండుగ, పెద్దల అమావాస్య కూడా పుస్తకాల్లోకి రావాలి. మన పిల్లల కళ్ల ముందే ఇన్ని జరుగుతున్నాయి.

నానమ్మకబుర్లు (రాజమండ్రి)

ఆ కౌన్సెలర్ అమ్మాయి చెప్పింది ఆలోచించాను. నిజమే, ఆవు తిరిగొస్తుంది. మా చెల్లెలు పోయినప్పుడు నాకు ఏడేళ్లు, ఆ కథ విని నేనూ గుమ్మంలో కూర్చుని ఎదురు చూసినట్టు లీలగా గుర్తుంది. అయితే కథను వదలొద్దు. ఒక ఏడాది పోనిచ్చి చెప్పుకోవచ్చు. తల్లి వెళ్తూ వెళ్తూ దూడకి చెప్పిన బుద్ధులు ఉన్నాయే, అవి తల్లి పోయినా దూడ దగ్గర ఉండిపోయేవే. ఆ ముక్క పిల్లలకు అందాలి.

ఆ ఎర్రాకు పుస్తకం మా మనవరాలు ఫోన్‌లో చూపించింది. మాటలతో పని లేకుండానే తెలిసింది.

బడిగంట (మహబూబ్‌నగర్)

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పని చేస్తాను. చావు గురించే మాట్లాడుతున్నాం గానీ మా పిల్లల దిగులు ఇంకోలా ఉంటుంది. పాలమూరు వలసల గురించి వినే ఉంటారు. వానాకాలం పంట అయిపోగానే అమ్మానాన్నలు మేస్త్రీతో పనికి వెళ్లిపోతారు, పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉండిపోతారు. కొందరిని గురుకులంలో వేస్తారు. దసరా సెలవుల తర్వాత మొదటి వారం ఒకటో తరగతిలో ఎవరూ నోరు విప్పరు.

నేను పుస్తకాలు కొనలేను. ఇరవై ఆరు మందికి ఒక్క కాపీ చాలదు కూడా. అందుకని తెల్లకాగితాలు మడిచి, మధ్యలో కుట్టి, ఎవరి పుస్తకం వాళ్లనే చేయమంటాను. ఒక పేజీలో "నాకు బెంగ కలిగించేది", ఒక పేజీలో "నాకు బాగనిపించేది", మిగతాది వాళ్ల ఇష్టం. పెద్ద పెద్ద విషాదాలు వేస్తారనుకుంటాం. ఒక అమ్మాయి అమ్మేసిన గేదెను వేసింది. దాని కళ్లే పేజీ అంతా. ఒకడు తాళం వేసిన తలుపు వేశాడు. ఇంకొకడు అమ్మ ఫోన్ నంబరు పది అంకెలూ రంగు రంగుల్లో వేసి, ఇదే నాకు బాగనిపించేది అన్నాడు.

మూడో తరగతి పైన వాళ్లకు 'రైలుబడి' (జపాన్ పుస్తకం 'టోటోచాన్'కి తెలుగు) లోంచి చదువుతాను. బొమ్మల పుస్తకం కాదు గానీ, కోడిపిల్లలు చచ్చిపోయే చోటు, పోలియో వచ్చిన స్నేహితుడు యాసుఆకీ పోయే చోటు చదివితే పిల్లలు ఎంత లోపలికి వెళ్తారో చూడాలి. టీచర్లకు నా విన్నపం ఒక్కటే: అయిపోగానే "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడగకండి. కాసేపు వదిలేయండి.

జగిత్యాలఅక్క (జగిత్యాల)

టీచర్ గారు మా పిల్లల గురించే రాసినట్టుంది. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. రెండేళ్లకొకసారి వస్తారు. మా వాడికి నాలుగేళ్లు. నాన్న వచ్చిన వారం దగ్గరికే పోడు, అలవాటయ్యేసరికి ఆయన వెళ్లే రోజు వస్తది. వెళ్లిన రాత్రి ఆయన చొక్కా పట్టుకుని పడుకుంటాడు. మా వాడలో ప్రతి మూడో ఇంట్లో ఇదే కథ. మరి దీని మీద పుస్తకం ఒక్కటన్నా ఉందా? పోయిన మనిషి గురించి ఇన్ని పుస్తకాలు చెప్పారు. బతికే ఉండి దూరమున్న నాన్న గురించి?

పుస్తకాలగూడు (హనుమకొండ)

ప్యాట్రిస్ కార్స్ట్ రాసిన 'ద ఇన్విజిబుల్ స్ట్రింగ్' ఉందక్కా, 2000లో వచ్చింది. ఉరుములకు భయపడి లేచిన పిల్లలకు, ప్రేమించేవాళ్లందరినీ కలిపే కనిపించని దారం ఒకటి ఉంటుందని అమ్మ చెబుతుంది. ఎంత దూరమున్నా ఇటు లాగితే అటు తెలుస్తుందట. మంచిదే. మీ వాడికి నచ్చుతుంది. కానీ గల్ఫ్ నాన్న, కార్టన్ డబ్బా, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ ఉన్న తెలుగు బొమ్మల పుస్తకం నా కంటపడలేదు. మన జిల్లాల్లో ఇన్ని వేల ఇళ్లలో జరిగేది ఒక్క పుస్తకంలో లేకపోవడం అన్యాయం.

రంగులడబ్బా (తెనాలి)

అక్కా, రాద్దామా? మీరు చెప్పండి, నేను బొమ్మలు వేస్తాను. స్టోరీవీవర్‌లో పెడితే ఎవరైనా ప్రింట్ తీసుకోవచ్చు, బడిగంట గారి తరగతికి కూడా పంపొచ్చు. పన్నెండు పేజీలు, పేజీకి రెండు మూడు వాక్యాలు మించకుండా.

జగిత్యాలఅక్క (జగిత్యాల)

నేను పదో తరగతి దాకే చదివిన. రాయడమంటే టెన్షన్‌గా ఉంది. కానీ మా వాడు ఏమేం చేస్తాడో అన్నీ తెలుసు. నాన్న వచ్చేటప్పుడు డబ్బాకు కట్టిన తాడు విప్పేది వాడే, ఎవరినీ ముట్టనియ్యడు. వీడియో కాల్‌లో నాన్నకు అన్నం ముద్ద పెడతాడు, ఫోన్‌కంతా పప్పు. మళ్లీ వెళ్లే రోజు చెప్పులు దాచిపెడతాడు. ఇవి రాస్తే సరిపోతదా?

రంగులడబ్బా (తెనాలి)

సరిపోవడమేమిటక్కా, అదే పుస్తకం. తాడుతో మొదలుపెడదాం. చెప్పులు దాచే పేజీకి రెండు పేజీల వెడల్పు ఇస్తాను, అందులో మాటలు వద్దు. చెప్పులు ఎక్కడ దాస్తాడో మాత్రం చెప్పండి, పిల్లలకు కనిపించేలా, నాన్నకు కనిపించకుండా వేయాలి.

జగిత్యాలఅక్క (జగిత్యాల)

బియ్యం డ్రమ్ము వెనకాల. ఒకటి అక్కడ, రెండోది వాడి స్కూల్ బ్యాగులో.

బడిగంట (మహబూబ్‌నగర్)

మా పిల్లలకు ముందుగా ముడి బొమ్మలే పంపండి. రంగులు వేయకముందే చదివి వినిపిస్తాను, వాళ్లు ఎక్కడ ఆపి ప్రశ్న అడిగారో రాసి పంపుతాను. నాన్న ఒక్కడే కాకుండా అమ్మ కూడా వెళ్లే ఇళ్లు మా దగ్గర ఎక్కువ, ఏదో ఒక పేజీలో పక్కింటి పిల్లగానైనా అలాంటి వాణ్ని పెట్టండి.